హైస్కూలు ఏళ్లు: మనం తప్పుగా పెట్టే మూడు పేర్లు

తల్లిదండ్రులను బడికి పిలిచి మాట్లాడే రోజున నా బల్ల ముందు కూర్చునేవారి నోట ఎక్కువగా వినిపించే మాటలు మూడే. "మావాడికి బద్ధకం ఎక్కువండీ." "మా అమ్మాయి చదువుతూనే ఉంటుంది, ఏదీ బుర్రకెక్కదు." "ఈమధ్య మాతో ఏమీ చెప్పడం లేదు, ఏదో దాస్తున్నాడు." హైస్కూలు పిల్లలకు 20 ఏళ్లకు పైగా పాఠాలు చెబుతున్నాను. ఈ మాటలన్నవారిలో బిడ్డ మీద ప్రేమ లేనివారు నాకు ఒక్కరూ కనిపించలేదు. పక్కనే తల వంచుకుని కూర్చున్న ఆ బిడ్డకు మాత్రం ఆ పేరు ఒంటికి అంటుకుపోతుంది. బద్ధకం, మొద్దుతనం, దాపరికం. ఒకసారి పేరు పెట్టాక ఇంట్లో మాటలూ, తిట్లూ, నిబంధనలూ దాన్నిబట్టే నడుస్తాయి. ఆ పేరే తప్పయితే ఎంత ప్రేమతో చేసిన పనైనా ఎదురుతిరుగుతుంది. అందుకే ఈ మూడింటినీ విప్పి చూపించాలనుకుంటున్నాను.

బద్ధకం అనే పేరుతో మొదలుపెడతాను.

యుక్తవయసులోకి అడుగుపెట్టాక శరీరంలోని గడియారం ఆలస్యంగా నడవడం మొదలవుతుంది. చీకటి పడ్డాక నిద్రకు సిద్ధం కమ్మని ఒంటికి చెప్పే హార్మోను పేరు మెలటోనిన్. చిన్నపిల్లల్లో కంటే ఈ వయసువారిలో అది ఆలస్యంగా, కొందరిలో రెండు గంటల దాకా ఆలస్యంగా ఊరుతుంది. దీనికి తోడు, మెలకువగా ఉన్నకొద్దీ పేరుకోవలసిన నిద్రమత్తు కూడా నెమ్మదిగా పేరుకుంటుంది. పదేళ్లప్పుడు రాత్రి తొమ్మిదింటికే తూలిపోయిన పిల్ల, పదిహేనో ఏట పదకొండింటికి కూడా కళ్లు విప్పార్చుకుని కూర్చునేది ఇందుకే. ఫోను ఈ ఆలస్యాన్ని ఇంకా పెంచుతుందన్న మాట నిజమే. అయితే ఫోను లాక్కున్నంత మాత్రాన శరీరం మళ్లీ పదేళ్ల నాటి గడియారానికి తిరిగి వెళ్లదు.

13 నుంచి 18 ఏళ్ల వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో తేల్చి చెప్పింది. రాత్రి పదకొండున్నరకు నిద్రపట్టిన పిల్లవాణ్ని ఐదున్నరకు లేపితే దక్కేది ఆరు గంటలే. రోజుకు రెండు గంటల బాకీ. బడి ఉన్న అయిదు రోజులు గడిచేసరికి పది గంటలు. సెలవు రోజున మధ్యాహ్నం దాకా లేవని పిల్లవాడు ఆ బాకీ తీర్చుకుంటున్నాడు.

"బడి కాస్త ఆలస్యంగా పెడితే వాళ్లు ఇంకా ఆలస్యంగా పడుకుంటారు, అంతే కదా" అని చాలామంది అడుగుతారు. సరైన ప్రశ్నే. అమెరికాలోని సియాటిల్ నగరంలో దీనికి జవాబు దొరికింది. అక్కడి ప్రభుత్వ హైస్కూళ్లు 2016లో తమ వేళను ఉదయం 7:50 నుంచి 8:45కు మార్చాయి. పరిశోధకులు పిల్లల మణికట్టుకు కదలికలను నమోదు చేసే పరికరాలు కట్టి, మార్పుకు ముందూ తరువాతా నిద్రను కొలిచారు. 2018లో అచ్చయిన ఆ అధ్యయనంలో పిల్లల నిద్ర రోజుకు సుమారు 34 నిమిషాలు పెరిగినట్టు తేలింది. ఎక్కువగా దొరికిన సమయంలో సగానికి పైగా నిద్రకే వెళ్లిందన్నమాట. కాలిఫోర్నియా రాష్ట్రంలో 2022 జూలై నుంచి హైస్కూళ్లు ఉదయం 8:30 కంటే ముందు మొదలుకాకూడదన్న చట్టం అమలులోకి వచ్చింది.

మీ పిల్లల బడి వేళ మీ చేతుల్లో ఉండకపోవచ్చు. పొద్దున్నే కిటికీ తెర తీసి వెలుతురు ముఖం మీద పడనివ్వడం, సెలవు రోజున లేచే వేళ మామూలు కంటే ఒకటి రెండు గంటలకు మించి జరగకుండా చూడడం, పడకగదిలోంచి ఫోనును బయట పెట్టే నియమం పిల్లలతో పాటు మీరూ పాటించడం మీ చేతుల్లో ఉన్నాయి. పరీక్ష ముందు రాత్రి నిద్ర మానిపించి చదివించకపోవడం వీటన్నిటికంటే ముఖ్యం. పగలు నేర్చిన విషయం మెదడులో గట్టిపడేది చాలావరకు నిద్రలోనే. నిద్రలోంచి కోసి చదువుకు ఇచ్చిన గంట, అంతకుముందు చదివిన గంటలను కూడా పలచన చేస్తుంది.

"బుర్రకెక్కదు" అన్న మాట

ఒక తల్లి సంచిలోంచి చరిత్ర పుస్తకం తీసి నా ముందు పెట్టింది. "చూడండి టీచరుగారూ, ఎంత చదివిందో." ప్రతి పేజీ పసుపు. హైలైటర్ గీతలు కొన్నిచోట్ల ఒకదాని మీద ఒకటి పడి, కాగితం వెనక్కి కూడా దిగాయి. ఒక పాఠంలో పసుపు చాలక గులాబీ రంగు కూడా వాడింది. ఆ అమ్మాయి కష్టపడలేదని ఎవరూ అనలేరు. నేను పుస్తకం మూసి, ఒక తెల్లకాగితం ఇచ్చి, "ఈ పాఠంలో నీకు గుర్తున్నవన్నీ రాయమ్మా, తప్పయినా ఫరవాలేదు" అన్నాను. మూడు వరుసలు రాసి ఆగింది. పెన్ను మూత తీయడం, పెట్టడం. "నిన్న రాత్రే చదివాను టీచర్" అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆ పిల్లకు లోపించింది తెలివి అనుకుంటే అన్యాయం. చూసి గుర్తుపట్టడం ఒక పని, చూడకుండా గుర్తుతెచ్చుకోవడం మరో పని. దారిలో ఎదురైన ముఖాన్ని ఇట్టే పోల్చుకుంటాం. అదే ముఖాన్ని కళ్లు మూసుకుని బొమ్మ గీయమంటే చెయ్యి ఆడదు. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినప్పుడు పెరిగేది ఆ ముఖపరిచయమే. అది "నాకు వచ్చేసింది" అన్న ధీమాను కూడా ఇస్తుంది. పరీక్ష మాత్రం పుస్తకం మూసి బొమ్మ గీయమంటుంది.

ఈ తేడాను రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో చక్కగా చూపించారు. కొందరు విద్యార్థులు ఒక భాగాన్ని చదివి, దాన్నే మళ్లీ చదివారు. మరికొందరు ఒకసారి చదివి, పుస్తకం లేకుండా గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తరువాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవారే కాస్త ముందున్నారు. వారం తరువాత పెడితే తారుమారైంది. మళ్లీ చదివినవారికి 42 శాతం గుర్తుంటే, గుర్తుతెచ్చుకుని రాసినవారికి 56 శాతం గుర్తుంది. మరో విశేషం కూడా బయటపడింది. పదే పదే చదివినవారే తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ నమ్మకంగా ఉన్నారు. పరీక్ష రాసి వచ్చి "బాగానే చదివాను, ఎందుకు రాయలేకపోయానో" అని ఏడ్చే పిల్లలు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లను వాళ్ల ధీమాయే మోసం చేసింది.

రెండో సంగతి, ఎడం. నేర్చినది ఎంత త్వరగా జారిపోతుందో జర్మనీకి చెందిన హెర్మన్ ఎబింగ్‌హాస్ తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రచురించాడు. మొదటి గంటల్లోనే ఎక్కువ భాగం పోతుంది, తరువాత జారుడు నెమ్మదిస్తుంది. జారిపోబోయే సమయంలో మళ్లీ తవ్వి తీసుకుంటే ఈసారి ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఒకే రాత్రి మూడు గంటలు కూర్చోవడం కంటే ఆ మూడు గంటలనే మూడు రోజులకు పంచడంలో లాభం అందుకే.

లెక్కల టీచరును కాబట్టి నాకు బాగా నచ్చిన సంగతి మూడోది. ఒక పద్ధతి నేర్పి అదే రకం లెక్కలు వరసగా ఇరవై చేయించడం మనకు అలవాటు. రోరర్, టేలర్ అనే పరిశోధకులు ఘనపరిమాణం లెక్కలతో దీన్ని పరీక్షించి 2007లో ప్రచురించారు. ఒకే రకం లెక్కలు వరసగా చేసినవారు అభ్యాసంలో 89 శాతం సరిగ్గా చేశారు. రకాలన్నీ కలగలిపి చేసినవారు 60 శాతమే చేయగలిగారు. వారం తరువాత పరీక్షలో మొదటివారు 20 శాతానికి పడిపోయారు, రెండోవారు 63 శాతం దగ్గర నిలిచారు. కలగలిపిన లెక్కల్లో పిల్లలు ప్రతిసారీ "ఇక్కడ ఏ పద్ధతి వాడాలి" అని తేల్చుకోవాలి. వరస లెక్కల్లో ఆ కష్టం పాఠం పేరే తీర్చేస్తుంది. ఈ అంకెలు చూశాక నేను ఇంటిపని ఇచ్చే తీరు మార్చుకున్నాను. మొదటి నెల పిల్లలు గొణిగారు, తల్లిదండ్రులు ఫోను చేశారు. తప్పులు పెరిగాయని కంగారుపడ్డారు. నేర్చుకునే రోజుల్లో తప్పులు పెరగడం చెడు సూచన కాదని వారికి నచ్చజెప్పడానికి నాకు చాలా ఓపిక పట్టింది.

జాన్ డన్‌లాస్కీ బృందం 2013లో పది చదువు పద్ధతులను వాటి మీద వచ్చిన పరిశోధనలతో తూచింది. తమను తాము పరీక్షించుకోవడం, ఎడమెడంగా చదవడం అన్నిటికంటే పైన నిలిచాయి. పిల్లలు ఎక్కువగా నమ్ముకునే గీతలు గీయడం, మళ్లీ చదవడం అట్టడుగు వరసలో ఉన్నాయి. మన పిల్లలు కష్టపడుతున్నారు, తక్కువ ఫలితమిచ్చే చోట కష్టపడుతున్నారు. ఎలా చదవాలో వాళ్లకు ఎవరమూ విడిగా చెప్పలేదు.

ఇక్కడ ఏ తల్లయినా, ఏ తండ్రయినా సాయపడవచ్చు. ఆ సబ్జెక్టు మీకు రానక్కరలేదు. పుస్తకం మీ చేతిలో పట్టుకుని "ఈ పేజీలో ఏముందో చెప్పు, వింటాను" అనండి. అర్థం కాని చోట నిజంగానే "నాకు అర్థం కాలేదు" అనండి. మీకు అర్థమయ్యేలా చెప్పడానికి పిల్ల పడే తంటా ఉందే, అదే చదువు. తాను పెద్దగా చదువుకోలేదని సిగ్గుపడే తల్లులకు ఈ మాట మరీ మరీ చెబుతాను.

పక్కన కూర్చుని ఇంటిపని చేయించడం ఇలాంటి సాయం కాదు. నాన్సీ హిల్, డయానా టైసన్ 2009లో 50 అధ్యయనాలను కలిపి, మధ్యస్థాయి తరగతుల పిల్లల చదువుకు తల్లిదండ్రుల పాత్ర ఎలా తోడ్పడుతుందో లెక్కగట్టారు. చదువు ఎందుకో, అది ఎటు తీసుకెళుతుందో పిల్లలతో మాట్లాడడం, వారి ఆశలకు చదువును ముడివేయడం అన్నిటికంటే ఎక్కువ మేలు చేశాయి. ఇంటిపనిలో నేరుగా కలగజేసుకోవడం వల్ల అలాంటి మేలు కనిపించలేదు.

మొదటి ఏడాది

హైస్కూలు అనగానే అందరి చూపూ చివరి ఏడాది మీదే ఉంటుంది. నా అనుభవంలో పిల్లలు చేజారేది మొదటి ఏడాదిలో. కొత్త బడి, ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో టీచరు, ఎవరూ ప్రత్యేకంగా గమనించని పరిస్థితి. షికాగో ప్రభుత్వ బడుల పిల్లలను చాలా ఏళ్లు వెంబడించిన పరిశోధకులు 2005లో ఒక ముఖ్యమైన విషయం బయటపెట్టారు. హైస్కూలు మొదటి ఏడాదిని గాడి తప్పకుండా ముగించిన పిల్లలు, తప్పినవారి కంటే మూడున్నర రెట్లు ఎక్కువగా నాలుగేళ్లలో చదువు పూర్తిచేశారు. అంతకుముందు తరగతుల మార్కుల కంటే ఈ ఒక్క ఏడాదే ఎక్కువ జోస్యం చెప్పింది. వారానికో రోజు కడుపునొప్పి, తలనొప్పి అంటూ బడి మానే అలవాటు మొదటి నెలల్లో కనిపిస్తే దాన్ని చిన్న విషయంగా తీసుకోకండి. ఏ పీరియడ్ ఉన్న రోజున ఆ నొప్పి వస్తోందో చూడండి.

దాపరికం

ఈ పేరు వెనక ఉన్నది ఎక్కువ నొప్పి. నిన్నటి దాకా గుమ్మంలోనే బడి కబుర్లన్నీ కుమ్మరించిన పిల్లవాడు ఇప్పుడు "ఏం లేదు" అని గది తలుపు వేసుకుంటాడు. తల్లి ఫోను తనిఖీ చేయడం మొదలుపెడుతుంది. తండ్రి స్నేహితులను ఆరా తీస్తాడు.

పిల్లలు ఎక్కడికి వెళ్తున్నారో, ఏం చేస్తున్నారో తెలిసిన తల్లిదండ్రుల పిల్లలు తక్కువగా దారి తప్పుతారని చాలాకాలంగా తెలుసు. దానికి కారణం కాపలాయే అనుకునేవారు. స్వీడన్‌లో హోకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ 14 ఏళ్ల పిల్లలనూ వారి తల్లిదండ్రులనూ పరిశీలించి, ఆ తెలిసినదంతా ఎలా తెలిసిందని విడిగా అడిగి, ఫలితాన్ని 2000లో ప్రచురించారు. ఎక్కువ భాగం పిల్లలు తమంతట తాము చెప్పినదే. కాపలా వల్ల తెలిసింది చాలా తక్కువ.

అంటే మీరు కాపాడుకోవలసింది ఆ చెప్పుకునే అలవాటును. పిల్లవాడు ఒక తప్పు ఒప్పుకున్న రోజున మీరేం చేశారన్నదాన్ని బట్టి తరువాతి తప్పు మీ దాకా వస్తుందా, ఆగిపోతుందా తేలుతుంది. మా అమ్మాయి ఒకసారి లెక్కల పరీక్షలో తప్పింది. లెక్కల టీచరు కూతురు. ఆ కాగితం తెచ్చి నా చేతికిచ్చిన సాయంత్రం నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "మిగతావాళ్లకు ఎంతెంత వచ్చాయి?" ఆ తరువాత ఆరు నెలలు తను ఏ కాగితమూ నాకు చూపించలేదు. తిట్టలేదు, కొట్టలేదు, ఒక్క ప్రశ్న అడిగాను. ఆ ప్రశ్నలో తను విన్నది, తనకంటే నాకు మార్కుల పట్టిక ముఖ్యమన్న సంగతి. మళ్లీ నాతో మాటలు మొదలుపెట్టింది ముఖాముఖి కూర్చున్నప్పుడు కాదు, రోజూ సాయంత్రం నడకలో, ఇద్దరమూ ముందుకు చూస్తూ నడిచేటప్పుడు. కళ్లలోకి చూడక్కరలేని చోట ఈ వయసువారి నోరు తేలిగ్గా విచ్చుకుంటుంది.

అన్ని మౌనాలూ ఒకటి కావు, ఇది గట్టిగా చెప్పాలి. జీవితంలో ఎప్పుడైనా మానసిక అనారోగ్యానికి గురయ్యేవారిలో సగం మందికి అది 14 ఏళ్లలోపే మొదలవుతుందని రొనాల్డ్ కెస్లర్ బృందం 2005లో ప్రచురించిన అమెరికా అధ్యయనం చెప్పింది. తలుపు వేసుకున్నా స్నేహితులతో నవ్వుతూ మాట్లాడుతున్న పిల్లవాడి గురించి అంత కంగారు అక్కరలేదు. స్నేహితులనూ వదిలేసి, ఇష్టమైన ఆటనూ వదిలేసి, నిద్రా ఆకలీ మారిపోయి, రెండు వారాలు అలాగే ఉంటే వైద్యుణ్ని కలవాలి. "నేను లేకపోతేనే బాగుంటుంది" లాంటి మాట వినిపిస్తే రెండు వారాలు కూడా ఆగకూడదు. "చనిపోవాలని అనిపిస్తోందా నాన్నా?" అని నేరుగా, మెత్తగా అడగాలి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదని పరిశోధనలు చెబుతున్నాయి. అడిగినందుకు చాలామంది పిల్లలు ఊపిరి పీల్చుకుంటారు.

పగ్గాలు ఎప్పుడు వదలాలి

పదహారేళ్ల మనిషి పెద్దవాడా, చిన్నవాడా? ఇంట్లో సగం గొడవలు దీని చుట్టూనే. రెండూ నిజమే, సందర్భాన్ని బట్టి. నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్, అంటే ముందుచూపుకూ తమాయించుకోవడానికీ ఆధారమైన మెదడు భాగం, ఇరవైల నడుమ దాకా పరిణతి చెందుతూనే ఉంటుంది. అయినా ప్రశాంతంగా, తొందర లేకుండా, వివరాలు ముందుంచి ఆలోచించమంటే పదహారేళ్లవారు ఇంచుమించు పెద్దల్లాగే ఆలోచించగలరు. తోటివారు పక్కన చేరితే లెక్క మారుతుంది. గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ 2005లో ప్రచురించిన ప్రయోగంలో 13 నుంచి 16 ఏళ్లవారు కారు నడిపే కంప్యూటర్ ఆటను ఒంటరిగా ఆడినప్పటి కంటే స్నేహితుల ముందు ఆడినప్పుడు బాగా ఎక్కువ సాహసాలకు దిగారు. 24 ఏళ్లు దాటినవారిలో ఆ తేడా దాదాపు లేదు.

ఈ ఒక్క తేడా తెలిస్తే పగ్గాలు ఎక్కడ వదలాలో, ఎక్కడ పట్టాలో తేలికగా తెలుస్తుంది. ఏ సబ్జెక్టులు తీసుకోవాలి, రోజును ఎలా పంచుకోవాలి, ఏ ఆట ఆడాలి, ఏ తరగతి మానేయాలి లాంటివి నింపాదిగా తీసుకునే నిర్ణయాలు. వీటిని తొందరగానే అప్పగించవచ్చు. రాత్రిపూట బండి మీద ముగ్గురు, పెద్దలెవరూ లేని ఇంట్లో పార్టీ, కోపంలో పెట్టే పోస్టు లాంటివి వేడిలో జరిగేవి. ఇక్కడ కంచె ఇంకా కొన్నాళ్లు ఉండాలి. చాలా ఇళ్లలో దీనికి సరిగ్గా తలకిందులుగా జరుగుతోంది. కోర్సు నాన్న నిర్ణయిస్తాడు, బండి తాళాలు మాత్రం పిల్లవాడి చేతిలో ఉంటాయి.

కోర్సు ఎంచుకునే వయసు దేశానికో రకంగా ఉంది. జర్మనీలో చాలా రాష్ట్రాలు పిల్లలను దాదాపు పదేళ్లకే వేర్వేరు రకాల బడులకు పంపుతాయి. ఫిన్లాండ్‌లో దాదాపు 16 ఏళ్ల దాకా అందరూ ఒకే బడిలో చదువుతారు. ప్రకృతి నిర్ణయించిన వయసంటూ ఏదీ లేదు కాబట్టి, పిల్లకు ఇంకా స్పష్టత రాలేదని బెంగపడనక్కరలేదు. తెలియనప్పుడు తలుపులు మూయని దారి మేలు. అన్నిటికంటే తొందరగా మూసుకునే తలుపు లెక్కలది. ఒక మెట్టు మీద మరో మెట్టుగా కట్టే సబ్జెక్టు కాబట్టి మధ్యలో వదిలితే వెనక్కి రావడం కష్టం. ఇంజనీరింగుకే కాక ఆర్థిక శాస్త్రానికీ, కంప్యూటర్లకూ, మనస్తత్వ శాస్త్రంలోని గణాంకాలకూ అది కావాలి. నా సబ్జెక్టు కాబట్టి పక్షపాతం అనుకున్నా సరే, ఈ సలహా మాత్రం వెనక్కి తీసుకోను.

అప్పగింత చివరి ఏడాదిలో ఒక్కసారిగా జరిగేది కాదు. మొదటి ఏడాది పిల్లే తన అలారం పెట్టుకోవాలి. రెండో ఏడాది టీచరుతో ఇబ్బంది వస్తే ముందు తనే మాట్లాడాలి, మీరు ఇంట్లో ఆ మాటలు సాధన చేయించాలి. మూడో ఏడాదికి చదువు ప్రణాళిక తనది, మీరు వారానికోసారి అడిగి వింటారు. చివరి ఏడాది దరఖాస్తులు తనే నింపాలి, గడువు తేదీలు తనే రాసుకోవాలి, డాక్టరుకు తన బాధ తనే చెప్పుకోవాలి. వీటిలో కొన్ని తప్పుతాయి. ఇంట్లో మీరుండగా తప్పితే సరిదిద్దడానికి సమయం ఉంటుంది.

మొన్న ఒక తండ్రి కూతురి దరఖాస్తు పట్టుకుని బడి ఆఫీసు దాకా వచ్చాడు. గుమ్మం దగ్గర ఆగి, కాగితాలు ఆ అమ్మాయి చేతిలో పెట్టి, "నువ్వు వెళ్లి మాట్లాడు తల్లీ, నేనిక్కడే ఉంటాను" అన్నాడు. లోపల గుమాస్తా ఏదో సంతకం లేదని వెనక్కి పంపాడు. ఆ అమ్మాయి బయటికి వచ్చి తండ్రి ముఖం చూసింది. ఆయన లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు. "ఎవరి సంతకం కావాలో అడిగావా?" అన్నాడు. ఆ అమ్మాయి ఒక్క క్షణం నిలబడి, వెనక్కి తిరిగి మళ్లీ లోపలికి వెళ్లింది.